200 సెల్లా, 100 సెల్లా, ఖాళీ పైపా? భీమవరం తమ్ముడికి జవాబు

ప్రశ్న: అన్నయ్యా నమస్తే. మాది భీమవరం పక్కన ఊరు, రొయ్యల చెరువులు చూసుకుంటా. ఆరు నెలల కిందట 2018 స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ 230 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, 62 వేలు తిరిగింది, పాత ఓనరే స్టేజ్ 1 (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచే ట్యూన్) చేయించాడు. ఇప్పుడు డౌన్‌పైప్ (ఇంజిన్ పక్కనుంచి పొగని కిందకి తెచ్చే పైపు) మార్చి స్టేజ్ 2 చేయిద్దామని అడిగితే ఒక షాపు వాళ్ళు అందులో పొగని శుభ్రం చేసే క్యాట్‌కాన్ పూర్తిగా పీకేసి ఖాళీ పైపు వేసెయ్ అన్నారు, ఇంకో చోట 100 సెల్ అన్నారు, ఇంకొకరు 200 సెల్ అన్నారు, ఆన్‌లైన్‌లో అయితే సగం రేటుకే హై ఫ్లో అని ఒకటి కనిపిస్తోంది. నాకు పికప్ కావాలి, సౌండ్ కొంచెం బాగుండాలి, కానీ చెక్ ఇంజిన్ లైట్ రాకూడదు, పొల్యూషన్ సర్టిఫికెట్ రావాలి. కారు ఇంటి వరండా పక్కనే పెడతాం, అమ్మకి ఆయాసం, వాసన పడదు. ఏది వేయించను?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చిట్టచివర రాశావు, అమ్మకి ఆయాసం అని. నేను అక్కడి నుంచే మొదలెడతా, ఎందుకంటే ఆ ఒక్క మాటతోనే నీకు చెప్పిన వాటిల్లో ఒకటి ఎగిరిపోతుంది. ఖాళీ పైపు వద్దు. పొద్దున్నే కారు స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్ చల్లగా ఉంటుంది కాబట్టి పెట్రోల్ కొంచెం ఎక్కువ తాగుతుంది, ఆ కాలని పెట్రోలు, కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు అన్నీ కలిసి వెనకాల నుంచి వస్తాయి, వీటిని ఆపేది క్యాట్‌కాన్ ఒక్కటే, అదీ వేడెక్కాకే. వాసన వస్తే మనిషి పక్కకి జరుగుతాడు, కార్బన్ మోనాక్సైడ్‌కి ఆ వాసన కూడా ఉండదు, అదీ భయం. వరండా పక్కన, పైన స్లాబు, రెండు వైపులా గోడ, అక్కడ ఖాళీ పైపుతో రెండు నిమిషాలు ఐడిల్‌లో (కదలకుండా ఇంజిన్ ఆన్‌లో) పెట్టావంటే అదంతా ఇంట్లోకే. నాలుగు హార్స్‌పవర్ ఎక్కువొస్తుందని అమ్మ ఊపిరితో ఆడుకోకూడదు, నువ్వు అలాంటోడివి కాదనే నమ్మకంతోనే ఇంత గట్టిగా చెప్తున్నా.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు అంటుంది, 2019 సవరణ తర్వాత సెక్షన్ 190 కింద పొగ, శబ్దం ప్రమాణాలు తప్పితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉంటాయి, లైసెన్స్ కూడా మూడు నెలలు పోతుంది. నీ బండి బీఎస్4 (పొగకి ప్రభుత్వం పెట్టిన భారత్ స్టేజ్ 4 ప్రమాణం). పొల్యూషన్ టెస్ట్‌లో ఐడిల్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.3 శాతం, హైడ్రోకార్బన్లు (కాలని పెట్రోలు) 200 పీపీఎం దాటకూడదు, 2500 ఆర్‌పీఎం దగ్గర సీఓ 0.2 దాటకూడదు, ల్యాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ళ లెక్క) 0.97 నుంచి 1.03 మధ్యలో ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న క్యాట్‌కాన్ వేడెక్కాక సీఓ దాదాపు సున్నా చూపిస్తుంది, ఖాళీ పైపుతో ఈ అంకెల్లోకి రావడం చాలా కష్టం. మంచి హై ఫ్లో క్యాట్ వేసినా సరే కంపెనీ పార్టు కాదు కాబట్టి కాగితం మీద అది మార్పు కిందకే వస్తుంది, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా దాస్తే రేపు క్లెయిమ్ దగ్గర అదే నీకు అడ్డం పడుతుంది. ఆర్‌టీఓ ఆఫీసులో అడుగు, ఇన్సూరెన్స్ వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పు, వద్దన్నారంటే నేను చివర్లో చెప్పే ఇంకో దారి ఉంది.

ఇప్పుడు అసలు విషయం. అందరూ నీకు 100, 200, 400 అని నంబర్లు చెప్తున్నారు కానీ ఆ నంబర్ ఏంటో ఎవరూ చెప్పినట్టు లేరు. క్యాట్‌కాన్ డబ్బా లోపల తేనెపట్టు లాంటి కోర్ ఉంటుంది, దాని ముఖం మీద ఒక చదరపు అంగుళంలో ఎన్ని కన్నాలు ఉన్నాయో అదే సెల్ కౌంట్. కంపెనీ నుంచి వచ్చే పెట్రోల్ కార్లలో 400, 600 మామూలు, కొన్నిట్లో 900 కూడా ఉంటాయి. హై ఫ్లో అని అమ్మేవి 300, 200, 100. కన్నాలు తగ్గితే పొగ ఫ్రీగా పోతుంది, శుభ్రం చేసే గోడలు తగ్గుతాయి.

నీకు ఇది నేను చెప్పక్కర్లేదు, నువ్వు రోజూ చేసే పనే. చెరువుకి నీళ్ళు పెట్టేటప్పుడు మోటార్ డెలివరీ పైపుకి సంచి వల కడతావు కదా, పిచ్చి చేపలు, పీతలు, వాటి గుడ్లు లోపలికి రాకుండా. వల కన్ను సన్నదైతే బాగా ఆపుతుంది కానీ నీళ్ళు వెనక్కి తన్నుతాయి, సంచి ఉబ్బిపోతుంది, మోటార్ మీద లోడ్ పడుతుంది. కన్ను పెద్దదైతే నీళ్ళు జోరుగా పడతాయి, వాటితో పాటు పనికిరానివీ వస్తాయి. మరి తెలిసిన రైతు ఏం చేస్తాడు? కన్ను సన్నదే పెట్టి సంచిని పొడుగ్గా, వెడల్పుగా కుట్టిస్తాడు. అప్పుడు రెండూ దక్కుతాయి. క్యాట్‌కాన్ కూడా అచ్చం ఇంతే తమ్ముడూ. 200 సెల్ అని ఒక్క మాట విని సంతకం పెట్టకు, ఆ 200 సెల్ ఎంత వ్యాసం ఉన్న కోర్‌లో ఉంది, ఎంత పొడుగు ఉంది అని అడుగు. నాలుగు అంగుళాల బాడీలో పొట్టి 200 సెల్ కన్నా ఐదు అంగుళాల బాడీలో సరిపడా పొడుగున్న 200 సెల్ ఎక్కువ శుభ్రం చేస్తుంది, తక్కువ అడ్డం పడుతుంది.

ఇంకో లెక్క కూడా చూడు, ఇది చాలామంది తప్పుగా అనుకుంటారు. కన్నాలు 400 నుంచి 200కి సగం అయ్యాయి కాబట్టి శుభ్రం చేసే గోడ కూడా సగం అయిపోతుంది అనుకుంటారు, కాదు. కన్నం పెద్దదయ్యేసరికి ఒక్కో కన్నం చుట్టూ గోడ కూడా పెరుగుతుంది, అందుకని 400 నుంచి 200కి వస్తే పోయే గోడ పాతిక నుంచి ముప్ఫై శాతం దాకా ఉంటుంది. 100కి వస్తే మాత్రం దాదాపు సగం పోతుంది. అలాగే పాత పద్ధతి 400 సెల్ సెరామిక్‌లో గోడ మందం తీసేస్తే ముఖంలో సుమారు 75 శాతమే తెరిచి ఉంటుంది, పల్చటి రేకుతో చేసిన 200 సెల్ మెటల్ కోర్‌లో 90 శాతం దరిదాపుల్లో తెరిచి ఉంటుంది. అంటే 400 నుంచి 200 మెటల్‌కి వచ్చినప్పుడు నీకు కలిసొచ్చేది చాలా, పోయేది కొంచెం. 200 నుంచి 100కి వెళ్తే కలిసొచ్చేది చాలా కొంచెం, పోయేది ఎక్కువ. నీ రేంజ్ పవర్‌కి 100 సెల్ తీసుకోవడం దండగ అని నేను అనేది అందుకే. ట్రాక్ మీద మాత్రమే తిరిగే బండ్ల సంగతి వేరు, నీది ఆకివీడు, పాలకొల్లు, చెరువు గట్లు, అప్పుడప్పుడు విజయవాడ హైవే.

గోడ ఉంటే సరిపోదు, గోడ మీద పూత ఉండాలి. ఆ గరుకు పూతలో అల్యూమినా, సీరియా ఉంటాయి, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, అసలు పని చేసేది ఈ మూడు లోహాలే. సీరియా పని ఆక్సిజన్‌ని దాచుకుని అవసరమైనప్పుడు ఇవ్వడం, మన ఇంట్లో గాదె లాగ. ఇవి బంగారం లాంటి రేట్లున్న లోహాలు. సగం రేటుకి హై ఫ్లో అని ఆన్‌లైన్‌లో కనిపించింది అన్నావు, ఆ సగం రేటు ఎక్కడ మిగిలిందో ఇప్పుడు నీకే తెలుస్తుంది. బయటికి నిగనిగలాడే స్టీలు, వెల్డింగ్ కూడా నీటుగానే ఉంటుంది, లోపల లోహం చల్లింది పేరుకి మాత్రమే. మొదటి మూడు నెలలు పని చేస్తుంది, తర్వాత లైట్ వెలుగుతుంది.

నాకు జరిగింది చెప్తా. చాలా ఏళ్ళ కిందట నా హ్యాచ్‌బ్యాక్‌కి ఇలాంటిదే ఒకటి తెప్పించా, రేటు చూసి మురిసిపోయా. నాలుగో నెలలో రావులపాలెం దాటాక గోదావరి బ్రిడ్జి మీద ఓవర్‌టేక్‌కి నొక్కితే బండి ఊపిరాడనట్టు అయిపోయింది, 3000 దాటట్లేదు. విప్పి చూస్తే కోర్ చుట్టలాగ చుట్టిన రేకు మధ్యలోంచి జారి గ్లాసులోంచి గ్లాసు వచ్చినట్టు ముందుకి పొడుచుకొచ్చి పైపు మూతికి అడ్డం పడింది. మంచి మెటల్ కోర్‌లో రేకు పొరల్ని వాక్యూమ్ కొలిమిలో బ్రేజింగ్ చేసి ఒకటే ముద్దగా అతికిస్తారు, చవక వాటిల్లో చుట్ట చుట్టి నాలుగు పిన్నులో, స్పాట్ వెల్డింగో పెట్టి వదిలేస్తారు. అందుకే అమ్మేవాడిని మూడు ప్రశ్నలు అడుగు: కోర్ బ్రేజ్ చేసిందా, లోహం ఎన్ని గ్రాములు వేశారు, యూరప్ రీప్లేస్‌మెంట్ క్యాట్ రూల్ అయిన ఈసీఈ ఆర్103 అప్రూవల్ ఉందా. లోహాన్ని సాధారణంగా ఘనపు అడుగుకి ఇన్ని గ్రాములు అని చెప్తారు. అసలు సంగతి తెలిసినవాడు ఆ అంకె చెప్పేస్తాడు, తెలియనివాడు "సూపర్ క్వాలిటీ సార్" అంటాడు. నీ బండి ఇంజిన్ ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ ఈఏ888, గోల్ఫ్ జీటీఐ వాళ్ళంతా వాడేదే, కాబట్టి యూరప్‌లో దీనికి 200 సెల్‌తో ఆర్103 అప్రూవల్ ఉన్న డౌన్‌పైపులు వెతికితే దొరుకుతాయి, జర్మనీ హెచ్‌జేఎస్ లాంటి కంపెనీలు ఆ పని చేస్తాయి. డ్యూటీ, షిప్పింగ్ కలిపి రేటు మండుతుంది, తెలుసు. అయినా రెండుసార్లు చవకది కొనే ఖర్చు కన్నా ఒక్కసారి అది కొనడం మేలు. ఆ ఆర్103 మార్క్ మన ఆర్‌టీఓ దగ్గర పర్మిషన్ కింద చెల్లదు, సరుకు నిజమైనదని నీకు ధైర్యం ఇస్తుంది, అంతవరకే. ఒకటి గుర్తుపెట్టుకో, నీది కుడివైపు స్టీరింగ్, ఫ్రంట్ వీల్ డ్రైవ్, ఆ రెండూ చెప్పి సరిపోయే పైపే తెప్పించు.

సెరామిక్ మంచిదా మెటల్ మంచిదా అంటే, టర్బోకి (పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే చక్రానికి) ఆనుకుని ఉండే చోట నీ వాడకానికి మెటల్. ఫుల్ లోడ్‌లో అక్కడ పొగ 800 డిగ్రీలు దాటడం మామూలే. సెరామిక్ చెడ్డదని కాదు, కంపెనీలు లక్షల కార్లకి అదే వేస్తున్నాయి, కానీ దానికి గోడ మందం ఎక్కువ, దెబ్బకి, చప్పున మారే వేడికి పగులుతుంది. మన దగ్గర ఇది పుస్తకంలో మాట కాదు. వర్షాకాలంలో పంట కాలవ పొంగి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు, ఎర్రగా కాలిన క్యాట్‌కాన్‌తో అందులో దిగితే ఏమవుతుందో ఆలోచించు, వేడి పెనం మీద చన్నీళ్ళు పోసినట్టే. 2022 జూలై వరదకి లంకల్లో, కోనసీమలో మునిగిన బండ్లలో కొన్నిటికి తర్వాత సైలెన్సర్ దగ్గర గలగల మని చప్పుడు వచ్చేది, లోపల సెరామిక్ ముక్కలు ముక్కలైపోయి. నీళ్ళల్లోకి దిగక తప్పదు అనుకుంటే ముందు ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిపి వేడి దిగనివ్వు. ఏది వేసినా ఈ మాట వర్తిస్తుంది.

ఇంతవరకూ కొనేదాని గురించి. కానీ తమ్ముడూ, నేను నీకు నిజంగా చెప్పాలనుకున్నది ఇంకోటి. క్యాట్‌కాన్ దానంతట అది చావదు, ఇంజినే దాన్ని చంపుతుంది. ప్లగ్గు సరిగ్గా మండక మిస్‌ఫైర్ అయితే కాలని పెట్రోలు నేరుగా వచ్చి క్యాట్‌కాన్ లోపల కాలుతుంది, వేడి వెయ్యి డిగ్రీలు దాటగానే పూత దెబ్బతింటుంది, 1400 దాటితే సెరామిక్ కోరే కరిగి ముద్దయిపోతుంది. ఇంజినాయిల్ లోపలికి వచ్చి కాలితే ఆయిల్‌లో ఉన్న ఫాస్ఫరస్, జింక్ పూత మీద పేరుకుని లోహాన్ని కప్పేస్తాయి. గాస్కెట్‌కి పూసే మామూలు సిలికాన్ సీలెంట్ కూడా ఆక్సిజన్ సెన్సర్‌ని, క్యాట్‌ని పాడు చేస్తుంది, సెన్సర్లకి హాని లేనిదే వాడాలి. ఒకప్పుడు పెట్రోల్లో సీసం ఉన్నప్పుడు అసలు క్యాట్‌కానే బతికేది కాదు, అందుకే 1995 ఏప్రిల్లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి క్యాట్‌కాన్ తప్పనిసరి చేసినప్పుడే సీసం లేని పెట్రోలు కూడా అక్కడ అమ్మారు, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం ఆపేశారు. ఇప్పుడు సీసం లేదు, గంధకం కూడా బీఎస్6 పెట్రోల్లో 10 పీపీఎంకి దిగింది, కాబట్టి ఇంధనం వల్ల చావడం తగ్గింది, మిస్‌ఫైర్ వల్లా ఆయిల్ వల్లా చావడం మాత్రం అలాగే ఉంది.

నీది పాత ఓనర్ ట్యూన్ చేయించిన బండి. ట్యూన్ చేసిన బండిలో ప్లగ్గులు కంపెనీ చెప్పినంత కాలం నడవవు, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెరిగే కొద్దీ స్పార్క్ ఆరిపోవడం మొదలవుతుంది, అది నీకు కుర్చీలో తెలియకపోవచ్చు కానీ క్యాట్‌కాన్‌కి తెలుస్తుంది. ప్లగ్గులు, కాయిల్స్ ఎప్పుడు మార్చారో నీకు బిల్లు ఉందా? లేకపోతే ముందు అవి మార్చు. ఆయిల్ చెక్ చెయ్యి, రెండు వేల కిలోమీటర్లకి ఎంత తాగుతోందో రాసి పెట్టు. వీసీడీఎస్ గానీ ఓబీడీ ఎలెవెన్ గానీ (కారు కంప్యూటర్‌ని చదివే పరికరాలు) ఉన్నవాళ్ళు భీమవరంలో కాకపోయినా రాజమండ్రిలోనో విజయవాడలోనో దొరుకుతారు, నాలుగు సిలిండర్ల మిస్‌ఫైర్ కౌంట్, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలుని ఎంత పెంచి, తగ్గించి సర్దుతోందో ఆ లెక్క) ఎంత చూపిస్తోందో లాగ్ తీయించు. ట్రిమ్ ఐదు శాతం అటూ ఇటూ ఉంటే బెంగ లేదు, పది దాటితే ఎక్కడో లీకో సెన్సర్ తేడానో ఉంది, అది తేల్చకుండా కొత్త క్యాట్‌కాన్ పెడితే కొత్తది కూడా అదే దారి పడుతుంది.

అదే రోజు ఇంకో పని చేయించు, ఇది దాదాపు ఎవరూ చేయరు, పాత క్యాట్‌కాన్ నిజంగా అడ్డం పడుతోందా అని కొలవడం. క్యాట్‌కి ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ కన్నంలో ప్రెషర్ గేజ్ బిగిస్తారు, దాని థ్రెడ్ ఎం18, అడాప్టర్ దొరుకుతుంది. ఖాళీగా నిలబెట్టి 2500 ఆర్‌పీఎంలో పెడితే 1.5 పీఎస్ఐ లోపు ఉండాలి, 3 దాటిందంటే కోర్ మూసుకుపోతోంది. మూసుకుపోతే దానికి కారణం వెతకాలి, బాగానే ఉంటే నీకు ఇప్పుడు పికప్ తక్కువ అనిపించడానికి క్యాట్ కారణం కాదు. చాలామంది పికప్ తగ్గింది అని డౌన్‌పైప్ కొంటారు, చివరికి చూస్తే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) గొట్టం చిరిగి బూస్ట్ లీక్ అవుతూ ఉంటుంది.

డౌన్‌పైప్ మారిస్తే అసలు ఏం జరుగుతుంది అంటే, టర్బో చక్రానికి వెనక వైపు ఒత్తిడి తగ్గుతుంది, ముందు వైపు ఉన్న ఒత్తిడికి దీనికీ తేడా పెరుగుతుంది, చక్రం తొందరగా తిరుగుతుంది, బూస్ట్ తొందరగా వస్తుంది. నీ బండి కంపెనీ లెక్క 230 హార్స్‌పవర్, 350 ఎన్ఎం. పైపు ఒక్కటి మార్చి ట్యూన్ మార్చకపోతే వచ్చేది కొంచెమే, పైగా ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అనుకున్నదానికన్నా బూస్ట్ ఎక్కువై తికమక పడొచ్చు. కాబట్టి పైపు, ట్యూన్ కలిపే ఆలోచించాలి, టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) పెరిగితే డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ కూడా, లేకపోతే క్లచ్ జారొచ్చు. ట్యూనర్‌కి ఒకటి కచ్చితంగా చెప్పు: మన టౌన్లో బంకులో నీకు రోజూ దొరికే పెట్రోలుకే మ్యాప్ (ట్యూన్ లెక్కల పట్టిక) రాయాలి, హైదరాబాద్‌లో ఎక్కడో దొరికే 100 ఆక్టేన్‌కి కాదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, దానికి కాలడానికి కావల్సిన గాలి లెక్క వేరు, అది కూడా ట్యూనర్ బుర్రలో ఉండాలి. క్యాట్‌కాన్ మూడు రకాల విషాన్నీ ఒకేసారి శుభ్రం చేసేది గాలి పెట్రోలు లెక్క సరిగ్గా ఉన్నప్పుడే, ఆ చిన్న గీత దాటితే ఒకటి తగ్గితే ఇంకోటి పెరుగుతుంది. ఎప్పుడూ రిచ్‌గా (పెట్రోలు ఎక్కువగా) పోసే మ్యాప్ రాస్తే ఎంత ఖరీదైన కోర్ అయినా ఏడాదిలో పోతుంది.

చెక్ ఇంజిన్ లైట్ సంగతి. క్యాట్‌కి ముందు ఒక ఆక్సిజన్ సెన్సర్, వెనక ఒకటి. వెనకదాని రీడింగ్ నిలకడగా ఉంటే క్యాట్ పని చేస్తోందని ఈసీయూ నమ్ముతుంది, ముందుదాని లాగే అది కూడా ఊగడం మొదలెడితే పీ0420 అని కోడ్ వేస్తుంది. షాపుల్లో దీనికి ఒక చిట్కా చెప్తారు, వెనక సెన్సర్‌ని పొడుగు స్పేసర్ పెట్టి పైకి లేపెయ్యడం, లేదా ట్యూన్‌లోనే ఆ సెన్సర్‌ని కట్టేయడం. వద్దు. ఆ లైట్ ఆరిపోతే నీకు మనశ్శాంతి వస్తుందేమో గానీ రేపు నిజంగా మిస్‌ఫైర్ వల్ల క్యాట్ చస్తున్నప్పుడు చెప్పే నోరు ఉండదు. ఇంట్లో అమ్మ వరండాలో కూర్చుంటుంది కదా, ఆ లైట్ ఆవిడ కోసం కూడా అనుకో. మంచి 200 సెల్, సరిపడా సైజు, సరిపడా లోహం ఉన్నది, కంపెనీ పెట్టిన చోటే పెడితే, ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే చాలా బండ్లలో లైట్ రాదు. వస్తే కొన్నదాంట్లోనో ఇంజిన్లోనో తేడా ఉంది, అమ్మినవాడిని నిలదియ్యి.

కంపెనీ పెట్టిన చోటే అని ఎందుకన్నానంటే, కొన్ని డౌన్‌పైపుల్లో క్యాట్‌ని టర్బో దగ్గర్నుంచి తీసి కారు అడుగు భాగం కిందకి జరుపుతారు, చోటు ఎక్కువని. క్యాట్ పని మొదలెట్టాలంటే సుమారు 250, 300 డిగ్రీలు వేడెక్కాలి, దూరంగా పెడితే ఆ వేడి రావడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ ఎక్కువసేపంతా మీ వరండా పక్కనే గడుస్తుంది. ఇంకో కారణం మన డెల్టాకే ప్రత్యేకం. దాళ్వా కోతలప్పుడు ఏప్రిల్లో రోడ్డంతా వరిగడ్డి, ధాన్యం ఆరబోస్తారు కదా. మా స్నేహితుడి కారుకి ఇలాగే క్యాట్ కిందకి జరిపిన పైపు ఉండేది, తణుకు అవతల కాలవ గట్టు మీద ఎదురుగా ట్రాక్టర్ వస్తే దారి ఇద్దామని గడ్డి మీదకి పక్కకి దించి ఆపాడు, నేను పక్క సీట్లో ఉన్నా. రెండు నిమిషాలకి సన్నగా పొగ. మొదట ఇంజిన్ అనుకున్నాం, దిగి చూస్తే కింద గడ్డి రాజుకుంది. కాలవ పక్కనే ఉంది కాబట్టి, కూలీలు బిందెలతో పరిగెత్తుకొచ్చారు కాబట్టి సరిపోయింది, లేకపోతే కారు సంగతి పక్కన పెట్టు, ఒక రైతు ఆరు నెలల కష్టం పోయేది. ఇప్పటికీ ఆ వాసన గుర్తుంది నాకు. కాబట్టి క్యాట్ పైనే ఉండాలి, కంపెనీ ఇచ్చిన వేడిని ఆపే రేకులు ఒక్కటి కూడా పీకనివ్వకు, బిగించేటప్పుడు చోటు లేదని వాటిని వంచి పారేసే మెకానిక్‌లు ఉన్నారు, దగ్గరుండి చూసుకో. ఏ బండి అయినా సరే గడ్డి మీద ఆపకు.

స్టీలు గురించి రెండే మాటలు. మీది సముద్రం గాలి, ఉప్పు చెరువులు, గట్ల మీద తడి మట్టి. 409 గ్రేడ్ స్టీలు తుప్పు రంగు తిరిగిపోతుంది, 304 అడుగు. ఫ్లెక్స్ జాయింట్ (పైపులో వంగే ముక్క) ఉండాలి, లేకపోతే ఇంజిన్ ఊగినప్పుడల్లా వెల్డింగ్ దగ్గర చీలుతుంది. మూడు అంగుళాల పైపు నీ ఇంజిన్‌కి చాలు, ఇంకా లావు వేస్తే గట్టు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్‌కి తగులుతుంది, వీఆర్ఎస్ అసలే కిందకి ఉంటుంది. కోర్‌కి ముందు వెనక ఉండే గరాటు ఆకారం నెమ్మదిగా వెడల్పవ్వాలి, టక్కున మూడు అంగుళాల నుంచి ఐదుకి వెళ్ళిందంటే పొగంతా మధ్యలోంచే పోతుంది, అంచుల్లో కోర్ ఊరికే ఉంటుంది, సంచి వల పెద్దది కట్టి మూతి దగ్గర ముడేసినట్టు.

సౌండ్ అడిగావు. 200 సెల్ వేస్తే సహజంగానే గొంతు కొంచెం లోతుగా మారుతుంది, మధ్యలో రెసొనేటర్ (హోరుని తగ్గించే డబ్బా) ఉంచెయ్యి, తీసేస్తే హైవే మీద చెవుల్లో హోరు, ఊళ్ళో అర్ధరాత్రి చెరువు నుంచి వచ్చేటప్పుడు వీధంతా లేస్తుంది.

ఇక నా ఉద్దేశం సూటిగా. ఆర్‌టీఓ దగ్గర, ఇన్సూరెన్స్ దగ్గర నీకు స్పష్టత వస్తే, పైన చెప్పిన టెస్టుల్లో ఇంజిన్ ఆరోగ్యం తేలితే, 200 సెల్ బ్రేజ్ చేసిన మెటల్ కోర్, ఐదు అంగుళాల బాడీ, కంపెనీ చోటే, ఆర్103 అప్రూవల్ ఉన్నది. స్పష్టత రాకపోతే కంపెనీ డౌన్‌పైప్ అలాగే ఉంచి, ఉన్న స్టేజ్ 1 మ్యాప్‌ని మంచి ట్యూనర్ చేత ఇప్పటి పెట్రోలుకి సరిచేయించుకో, ఇంటర్‌కూలర్, ప్లగ్గులు, టైర్ల మీద ఆ డబ్బు పెట్టు. మన ఎండకి పెద్ద ఇంటర్‌కూలర్ ఇచ్చే తేడా మే నెలలో మధ్యాహ్నం నడిపితే తెలుస్తుంది, క్యాట్ మార్చిన తేడా కన్నా నాకైతే అదే ఎక్కువ నచ్చింది. నిజం చెప్పాలంటే నీ వాడకానికి నేను ఈ రెండో దారికే కొంచెం ఎక్కువ మొగ్గుతా, కానీ కారు మీద ఇష్టం నాకు తెలుసు, మొదటిది తప్పని అనను.

మొదటి దారి పట్టావంటే విప్పిన పాత డౌన్‌పైప్ షాపులో వదిలెయ్యకు. "పాత సామాను మేమే తీసేస్తాం" అని మంచిగా అంటారు, దాంట్లో ఉన్న లోహం కోసం పాత ఇనుము కొనేవాళ్ళు మంచి రేటు ఇస్తారు. ఇంటికి తెచ్చుకుని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టు, రేపు కారు అమ్మాలన్నా, మళ్ళీ కంపెనీ లెక్కకి తేవాలన్నా అదే ఆధారం. కొత్తది బిగించాక వారానికి నట్లు మళ్ళీ బిగించాలి, వేడికి సర్దుకుంటాయి. నెలకి ఒకసారి చల్లగా ఉన్నప్పుడు రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి విను, గలగల వినిపిస్తే కోర్ వదులైనట్టే. పొల్యూషన్ టెస్ట్ బిగించిన మర్నాడే చేయించి ఆ కాగితం దాచు, ఆరు నెలల తర్వాత చేయించిన దానితో పోల్చితే క్యాట్ ఎంత అరిగిందో నీకే తెలుస్తుంది.

ముందు ప్లగ్గులు మార్పించి లాగ్ తీయించు, మిస్‌ఫైర్ కౌంట్, ట్రిమ్, ప్రెషర్ గేజ్ రీడింగ్ మూడూ నాకు పంపు, చూసి ఏ పైపుకి వెళ్ళాలో చెప్తా. అప్పటిదాకా ఏ షాపుకీ అడ్వాన్స్ ఇవ్వకు తమ్ముడూ. అమ్మగారిని అడిగానని చెప్పు.